పొట్ట ఉన్న భీము

ఆ సోమవారం సోమలింగం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదకొండింటికి కేకీ సేఠ్ వస్తాడు, యాక్సిల్ చూస్తాడు, డబ్బిచ్చి తీసుకుపోతాడు. పన్నెండింటికి భార్య పద్మారాణి పైసలు పద్మారాణి చేతిలో పడతాయి. ఒంటిగంటకు అన్నం. సూరత్ పాండేసరలో అతను పనిచేసే సాంచాల, అంటే మరమగ్గాల, షెడ్డుకు ఆ రోజు వారపు సెలవు కనుక రెండింటికి చిన్న కునుకు కూడా ప్లానులో ఉంది. ఇంత చిన్న ప్లానుకు ఏ దేవుడూ అడ్డు రాడనే ధైర్యంతో అతను పొద్దున్నే కిరోసిన్‌తో యాక్సిల్ కడగడం మొదలుపెట్టాడు.

యాక్సిల్ సంగతి ముందు చెప్పాలి. పది రోజుల కిందట ఒక పాత సాంచాకు పళ్లచక్రం కావాల్సి వచ్చి సోమలింగం ఖటోదరాలోని ఒక తుక్కు దుకాణానికి వెళ్లాడు. పళ్లచక్రం దొరకలేదు. మూలన మాత్రం, ఎవరో బంగళావాళ్లు వదిలించుకున్న పాత రేసు కారు వెనక చక్రాలను కలిపే యాక్సిల్ పడి ఉంది. రెండు చివరలా రెండు గుండ్రటి డ్రమ్ములు, నడుమ గుమ్మడికాయంత పొట్ట, ఆ పొట్టకు ముందు ఒక ముక్కు. సోమలింగానికి కార్ల గురించి ఏమీ తెలియదు. కానీ ఇరవై ఆరేళ్లుగా సాంచాలు బాగుచేస్తున్న ఫిట్టరు. షెడ్డులో నూరు సాంచాలు ఒక్కసారి కొట్టుకుంటుంటే చెవి ఎందుకూ పనికిరాదు. ఏ బేరింగు పోయిందో, ఏ గేరు పన్ను అరిగిందో అరచెయ్యి ఆనించే కనిపెట్టాలి. అలవాటు కొద్దీ డ్రమ్ము మీద అరచెయ్యి పెట్టి మెల్లగా తిప్పాడు. గరగర లేదు, కటకట లేదు. లోపలి ఇనుము నిన్ననే నూనె పట్టించినట్టు తిరిగింది. అతని మొహం వెలిగిపోయింది. తుక్కు దుకాణంవాడు ఆ మొహం చూసి, కిలో లెక్కన నాలుగు వేలు పలికే సరుకుకు పదకొండు వేలు చెప్పాడు. సోమలింగం మారుమాట లేకుండా ఇచ్చేశాడు.

ఇచ్చినవి పద్మారాణి పైసలు. చీరలకు ఫాల్ కుట్టి పీకో చేసే మిషన్ కొని ముందు గదిలో దుకాణం పెట్టుకోవాలని ఆమె ఆశ. మూడేళ్లుగా ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటించి కూడబెట్టిన ఇరవై రెండు వేలలో సగం ఆ ఇనుము మింగేసింది.

"పది దినాల్ల డబుల్ చేసి ఇస్త" అన్నాడు సోమలింగం.

"వచ్చే సోమారం కాక పై సోమారం తీస్కుంటనని మిషిన్ దుకాణపాయనకు మాటిచ్చిన. ఆ దినం నా పైసలు రాకపోతే, నువ్వూ నీ ఇనుపకట్టె ఇద్దరూ బయటనే పండుకోండ్రి" అన్నది పద్మారాణి.

ఆ సోమవారమే ఈ సోమవారం. ఈలోగా కూతురు సంధ్యారాణి యాక్సిల్‌కు నాలుగు ఫోటోలు తీసి, పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్ల గుంపు ఒకటి ఫోన్లో ఉంటే అందులో పెట్టింది. నాన్‌పురాలో ఉండే కేకీ సేఠ్ అనే పార్సీ ముసలాయన వెంటనే జవాబిచ్చాడు. తన కారుకు సరిపోయే యాక్సిలేనట, బాగుంటే ఇరవై వేలు ఇస్తాడట.

ఎనిమిదింటికి పద్మారాణి తమ్ముడు ఓంప్రకాష్ చాయ్ తాగడానికి వచ్చాడు. అతను బడి పిల్లల వ్యాను నడుపుతాడు. వ్యాను నడిపేవాడికి కార్ల గురించి సర్వమూ తెలుసని అతని నమ్మకం. చాయ్ గ్లాసు పక్కన పెట్టి యాక్సిల్ చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశాడు. ఒక డ్రమ్ము తిప్పాడు. అవతలి చివర ఉన్న డ్రమ్ము కూడా అదే దిక్కు తిరిగింది. మళ్లీ తిప్పాడు. మళ్లీ అంతే. మనిషి మొహం చావు కబురు తెచ్చినవాడిలా మారిపోయింది.

"బావా, మునిగినవ్."

"ఏందిరా?"

"గిది జామ్ అయింది. మంచి యాక్సిలైతే ఈ చక్రం గిటు తిప్పితే ఆ చక్రం అటు తిరగాలె. ఉల్టా. గిదేమో రెండూ ఒక్కటే దిక్కు తిరుగుతున్నయ్. లోపల క్రౌను గేరు పళ్లు అతుక్కపోయినయ్. ఖతం."

"జామైతే నా చేతికి తెల్వదా? గరగర మనాలె గద!"

"నీ చెయ్యి సాంచాల చెయ్యి బావా. కార్లకు నడ్వదు. దా, చూపిస్త."

వీధిలో ఉన్న తన వ్యానుకు జాకీ పెట్టి వెనక రెండు చక్రాలూ గాల్లోకి లేపాడు. ఒకటి ముందుకు తిప్పాడు. రెండోది బుద్ధిగా వెనక్కి తిరిగింది. పక్కింటివాళ్లు కూడా వచ్చి చూసి తలూపారు. కళ్ల ముందు కనిపిస్తుంటే ఇంకేం మాట్లాడతారు? సోమలింగం అరచేతిని లుంగీకి తుడుచుకున్నాడు. ఇరవై ఆరేళ్లలో ఆ చెయ్యి అబద్ధం చెప్పడం అదే మొదటిసారి.

పద్మారాణి గడపలో నిలబడి అంతా చూసింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"అంటే నా మిషిన్ పోయినట్టేనా?" అని మాత్రం అడిగింది.

ఆ గొంతు వినేసరికి ఓంప్రకాష్‌కు ఉత్సాహం పుట్టుకొచ్చింది. "ఏం పోదు అక్కా. నేను లేనా? ఒక్క చివరకు గుడ్డ చుట్టేద్దాం. ఆయన ఈ దిక్కు తిప్పి చూస్తడు. మంచిగ తిరుగుతది. ఆ దిక్కు ఏమైతాందో ఆయనకు ఎర్కనే కాదు."

"మోసం చేద్దమంటవా?" అన్నాడు సోమలింగం.

"మోసం కాదు బావా. చూపియ్యకపోవుడు."

ఈ తేడా మీద వాళ్లు ఇంకా వాదించుకుంటూ ఉండగానే సోమలింగం తల్లి బుచ్చవ్వ లోపలి నుంచి పసుపు గిన్నె, కుంకుమ భరిణె, ఒక పాత తాను గుడ్డ పట్టుకుని వచ్చింది. ఆమెకు ఎడమ కన్ను కనిపించదు, కుడి కన్ను అవసరమైనప్పుడే కనిపిస్తుంది. పది రోజులుగా వాకిట్లో ఉన్న ఆ పొడుగాటి ఇనుమును, దాని రెండు చివరలా ఉన్న బిళ్లలను చూసి, కొడుకు కొత్త భీము కొన్నాడనే అనుకుంటోంది. భీమంటే సాంచా మీద పడుగు నూలు చుట్టుకుని ఉండే పెద్ద ఇనుప రోలరు. దానికీ రెండు చివరలా ఇలాంటి గుండ్రటి బిళ్లలే ఉంటాయి. ముప్ఫై ఏళ్లు సాంచాల మధ్య బతికిన మనిషికి రెండు బిళ్లల మధ్య ఇనుము కనిపిస్తే భీము కాక మరేం తోస్తుంది?

"కొత్త భీము ఇంటికొచ్చి పది దినాలాయె. పసుపు లేదు, బొట్టు లేదు. గిట్ల ఉంచుతే సాంచా నడుస్తదా?" అంటూ డ్రమ్ములకు బొట్లు పెట్టి, ఆ చివర నుంచి ఈ చివర దాకా గుడ్డ చుట్టి, పసుపు దారంతో ముడి వేసింది. భీము కాదని ఆమెకు చెబుదామని సోమలింగం నోరు తెరిచాడు. ఓంప్రకాష్ ఆపేశాడు.

"ఉండనీ బావా. పూజ చేసిందాన్ని ఎవ్వలు విప్పి చూడరు. అవ్వే మనల్ని బచాయించింది."

పదిన్నరకు కేకీ సేఠ్ ఫోను చేశాడు. గల్లీ దొరకడం లేదట. బావా బావమరుదులు ఇద్దరూ పెద్ద రోడ్డు దాకా వెళ్లారు. పద్మారాణి, ఎంత కోపమున్నా వచ్చేది అతిథి కనుక, ఫలహారానికి ఖమణ్ తేవడానికి సందు చివరి దుకాణానికి వెళ్లింది. ఇంటి ముందు బుచ్చవ్వ, భీము మిగిలారు.

సరిగ్గా అప్పుడే జోల్వా నుంచి టెంపో వచ్చింది. పక్కింట్లో ఆరు సాంచాలున్నాయి. అక్కడ ఖాళీ అయిన భీములను రెండు రోజులకోసారి జోల్వాలోని వార్పిన్ కార్ఖానాకు తీసుకుపోయి, కొత్తగా పడుగు చుట్టించి తెస్తారు. టెంపోవాళ్లు నాలుగు భీములు ఎక్కించారు. ఐదోది కనిపించక, "అవ్వా, ఇంకో ఖాళీ భీము ఎక్కడున్నది?" అని అడిగారు.

"గుడ్డ సుట్టి లేదా గది? తీస్కపోండ్రి. పూజ సుత అయింది. మంచి నూలు సుట్టుమను" అన్నది బుచ్చవ్వ.

ఇద్దరు కలిసి లేపబోతే లేవలేదు. మూడోవాడు వచ్చాడు. "దీనికి పొట్టొచ్చిందేంది?" అని ఒకడన్నాడు. "కొత్త మోడల్ అయ్యుంటది" అని ఇంకొకడన్నాడు. సూరత్‌లో రోజుకో కొత్త మిషన్ దిగుతుంది కనుక ఆ సంగతిని ఎవరూ పట్టించుకోలేదు. టెంపో వెళ్లిపోయింది.

కేకీ సేఠ్ డెబ్భై ఏళ్ల మనిషి. తెల్లటి చొక్కా, నల్లటి టోపీ, చేతిలో ఒక తోలు సంచి. సంచిలో టార్చి, అయస్కాంతం, టేపు. ఇరవై ఏళ్లుగా ఒకే ఒక్క కారు బాగుచేసుకుంటున్నాడు, అది ఇంకా ఇంటి గేటు దాటలేదు. వాకిట్లోకి వచ్చి చూస్తే నేల మీద రాలిన కుంకుమ, కాస్త పసుపు మాత్రమే ఉన్నాయి.

"అవ్వా, యాక్సిల్ ఏది?" అన్నాడు సోమలింగం.

"యాక్సిలేందిరా?"

"గదే... గుడ్డ చుట్టినవ్ గద!"

"భీమా? జోల్వకు పోయింది. మొండయ్య కార్ఖానకు."

ఖమణ్ పొట్లంతో అప్పుడే వచ్చిన పద్మారాణి ఆ మాట విని పొట్లం అక్కడే వదిలేసింది. సోమలింగం నెత్తి పట్టుకున్నాడు. ఓంప్రకాష్ టెంపోవాడి నంబరు కోసం పక్కింట్లోకి పరుగెత్తాడు. టెంపోవాడి ఫోను ఆఫ్‌లో ఉంది. ఈ గందరగోళంలో కేకీ సేఠ్‌కు తెలుగు ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, రెండు పేర్లు మాత్రం చెవిన పడ్డాయి. జోల్వా. మొండయ్య. ఆయన మొహం ఎర్రబడింది.

"అంటే నాకంటే ముందు ఇంకొకడు కొట్టేశాడా? ఎవరా మొండయ్య? ఎంతకిచ్చారు?" అని హిందీలో అడిగాడు.

"ఎంతకీ ఇయ్యలే సేఠ్. వట్టిగనే పోయింది" అన్నాడు సోమలింగం తనకొచ్చిన హిందీలో.

ఆ జవాబు ఏ బేరగాడైనా నమ్ముతాడా? కేకీ సేఠ్ నమ్మలేదు. "ఎక్కండి కారు" అన్నాడు. తన పక్కన సోమలింగాన్ని కూర్చోబెట్టి, వెనక అక్కాతమ్ముళ్లను ఎక్కించుకుని, తనే నడుపుతూ జోల్వా దారి పట్టాడు.

దారిలో ఆయన మొండయ్య గురించి ఆరా తీయడం మొదలుపెట్టాడు. "అతని దగ్గర ఎన్ని ఉన్నాయి?"

"రెండు మూడు వందలుంటయ్ సేఠ్" అన్నాడు సోమలింగం, భీముల సంగతి అనుకుని.

కారు కొంచెం పక్కకు తూలింది. "మూడు వందలా! సూరత్‌లో ఇంత పెద్దవాడున్నాడని నాకెవరూ చెప్పలేదే! సరే, నేను ఇరవై ఐదు ఇస్తా."

సోమలింగం ఏమనాలో తెలియక ఊరుకున్నాడు. ఊరుకోవడం కూడా బేరమే అనుకున్నాడు కేకీ సేఠ్. పాండేసర దాటేసరికి ఇరవై ఎనిమిది అన్నాడు. సచిన్ దాటేసరికి ముప్ఫై అన్నాడు. వెనక సీట్లో ఓంప్రకాష్ సంతోషం పట్టలేక అక్క మోచేతిని గిచ్చాడు. పద్మారాణి వేళ్ల మీద లెక్క వేసుకుంది. ముప్ఫై వేలు! మిషన్ వస్తుంది, టేబుల్ వస్తుంది, దుకాణానికి బోర్డు కూడా వస్తుంది.

సోమలింగం మాత్రం సీట్లో ముళ్లున్నట్టు కదులుతున్నాడు. ఆయన ముసలాయన. ఇంటి గేటు దాటని కారు ఆయనది. జామైన ఇనుముకు ముప్ఫై వేలు పోసి, ఇంటికి తీసుకుపోయి, విప్పి చూసి... ఇక ఆగలేకపోయాడు.

"సేఠ్, గది జామ్ అయింది. నేను మంచిదనే కొన్న. నా చేతికి మంచిదనే తోచింది. గని మా బామ్మర్ది చూసిండు, జామైందట. మీకు చెప్పకుండ అమ్ముదమనుకున్నం. తప్పైంది."

కారు రోడ్డు పక్కన ఆగింది. ఓంప్రకాష్ ఇక దాచి లాభం లేదని, తన పరిజ్ఞానమైనా నిలబెట్టుకుందామనుకున్నాడు. "లోపల క్రౌను పళ్లన్నీ పోయినయ్ సేఠ్. పిండి పిండి" అన్నాడు.

కేకీ సేఠ్ స్టీరింగు మీద తల ఆనించాడు. "జామైతే తుక్కే. నాలుగు వేలు. అదీ మీ మొహాలు చూసి" అన్నాడు. కారు తిప్పేద్దామా అనుకున్నాడు గాని, జోల్వా అప్పటికే ఎదురుగా కనిపిస్తోంది.

పద్మారాణి కిటికీలోంచి బయటికి చూస్తూ కళ్లు తుడుచుకుంది. మిషన్ పోయిందని ఏడుపు. మొగుడి మీద కోపం తెచ్చుకుందామంటే అదీ పూర్తిగా రాలేదు. "చెప్పినవ్ గద. ఇగ ఊకో" అన్నది మెల్లగా.

వార్పిన్ కార్ఖానాలోకి అడుగు పెట్టేసరికి మొండయ్య అరుపులు వినిపించాయి. కరీంనగర్ నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లుగా భీములు చుట్టిస్తున్న మనిషి. అతని ముందు వార్పిన్ మిషన్ మీద, చుట్టిన గుడ్డ సగం జారిపోయి, కుంకుమ బొట్లతో, పెళ్లిపీటల మీద కూర్చోబెట్టినట్టు యాక్సిల్ ఉంది.

"ఎవ్వనిదయ్యా గీ దిక్కుమాలిన భీము? వచ్చిన కాడి నుంచి మా పనంత ఆపింది!" అన్నాడు మొండయ్య.

"మాదే అన్నా. ఏమైంది?" అన్నాడు సోమలింగం.

"ఏమైందా? మిషిన్ ఈ బిళ్లను తిప్పుతే ఆ చివర బిళ్ల సుత అదే దిక్కు మంచిగ తిరుగుతాంది. నడుమ పొట్ట మాత్రం కదలదు! ముంగట ముక్కొకటి ఊకె గిరగిర తిరుగుతాంది. నూలు దేనికి చుట్టాలె, నా తలకాయకా?"

ఈ మాటలను పద్మారాణి హిందీలో చెప్పింది. కేకీ సేఠ్ టోపీ తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు. "రెండు వైపులా ఒకే దిక్కు తిరిగిందా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా మిషన్ దగ్గరికి వెళ్లాడు. పొట్ట మీది మట్టి గోకి, టార్చి వేసి, అక్కడ కొట్టి ఉన్న అంకెలు చదివాడు. తరవాత ఓంప్రకాష్‌ను, ఇంకో పనివాడిని పిలిచి ఒక చివర డ్రమ్మును కదలకుండా పట్టుకోమన్నాడు. రెండో చివర ఒక ఇనుప కడ్డీ తగిలించి, సోమలింగం చేతికిచ్చి తిప్పమన్నాడు.

సోమలింగం ఒక చేత్తో కడ్డీ నొక్కుతూ రెండో అరచెయ్యి డ్రమ్ము మీద ఆనించాడు. మొదట కదలలేదు. ఇంకా బలం పెట్టాడు. బరువుగా, నింపాదిగా, ఎక్కడా తెగకుండా జారింది.

"సేఠ్, గిది జామ్ కాదు! జామైతే అస్సలు ఇడువదు. గిది పట్టుకుంటాంది, ఎక్కువ బలం పెడితే మెల్లగ ఇడుస్తాంది. లోపల ఏదో కావాలనే గట్ల చేసిండ్రు!" అని అరిచాడు.

కేకీ సేఠ్ గొంతు సవరించుకున్నాడు. చాలా విచారంగా మొహం పెట్టి, "సరే, పాపం. ఇంత దూరం వచ్చాం. నాలుగు కాదు, పది ఇస్తా" అన్నాడు.

ఓంప్రకాష్ ఎగిరి గంతేయబోయాడు. పద్మారాణి అతని చొక్కా పట్టి వెనక్కి లాగింది. ఆమెకు యాక్సిళ్ల గురించి తెలియదు. చీరలు కొనేవాళ్ల గురించి తెలుసు. సూరత్ మార్కెట్లో చీర నచ్చనామె రెండు చేతులూ ఊపుతూ బేరమాడుతుంది. నచ్చినామె ఎంత మొహం ముడిచినా చీర అంచు మాత్రం వదలదు. కేకీ సేఠ్ ఎడమ చెయ్యి డ్రమ్ము మీదే ఉంది.

"వద్దులెండ్రి సేఠ్. చెయ్యి తియ్యుండ్రి. మేం ఇంటికి తీస్కపోతం" అన్నది.

చెయ్యి కదలలేదు. "ఇరవై" అన్నాడాయన.

"చెయ్యి తియ్యుండ్రి సేఠ్."

"ముప్ఫై. దారిలో చెప్పిందే."

"చెయ్యి."

"నలభై ఐదు!"

కార్ఖానాలో పని ఆగిపోయింది. పనివాళ్లంతా చుట్టూ మూగారు. పద్మారాణి ఈసారి చెయ్యి తియ్యమనలేదు. ముసలాయన కళ్లలోకి చూసింది. "సేఠ్, ముప్ఫై వేలు వస్తున్నప్పుడు మా ఆయన నోరు మూస్కుని కూసుండొచ్చు. కూసోలే. మీకు నిజం చెప్పిండు. ఇగ మీరు చెప్పుండ్రి."

కేకీ సేఠ్ చెవులు ఎర్రబడ్డాయి. తరవాత అక్కడున్న భీము మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు.

"చెబుతాను తల్లీ. మామూలు యాక్సిల్‌లో ఒక చక్రం జారితే బలమంతా దానికే పోతుంది, రెండోది ఊరికే ఉంటుంది. ఇది అలా కాదు. రెండు చక్రాలనూ కలిపి పట్టుకుంటుంది. అందుకే రెండూ ఒకే దిక్కు తిరుగుతాయి. రేసులకు పోయేవాళ్ల కోసం చాలా కొద్దిగా చేశారు. ఫోటోలో చూసి మామూలుదే అనుకున్నా. ఈ రకం కోసం పన్నెండేళ్లుగా వెతుకుతున్నాను. లక్షా ఇరవై వేలు ఇస్తాను. ఇక నేను బేరమాడను, మీరూ ఆడకండి."

సోమలింగం తన అరచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "చూసినవా, నా చెయ్యి సక్కగనే చెప్పింది" అన్నాడు పెళ్లాంతో. పద్మారాణి నలుగురిలో ఉన్నానన్న సంగతి మరిచిపోయి ఆ చెయ్యి పట్టుకుంది. పనివాళ్లు ఈలలు వేశారు. మొండయ్య కూడా కోపం మరిచి అందరికీ చాయ్ తెప్పించాడు.

"నేను పొద్దుగాలనే చెప్పిన గద బావా, రెండూ ఒక్కటే దిక్కు తిరుగుతున్నయని!" అన్నాడు ఓంప్రకాష్. అతన్ని కొట్టడానికి ఆ క్షణాన ఎవరికీ మనసు రాలేదు.

సాయంత్రం యాక్సిల్ టెంపోలో నాన్‌పురాకు వెళ్లింది. బుచ్చవ్వ పెట్టిన బొట్లు తుడవడానికి కేకీ సేఠ్ ఒప్పుకోలేదు. పాండేసరలో కబురు పాకేసరికి, మర్నాటి నుంచి సోమలింగం ఇంటి ముందు పాత మిక్సీలు, కూలర్లు, ఒక సెకండ్ హ్యాండ్ మోటారు సైకిలు వరస కట్టాయి. ఇప్పుడు ఆ వీధిలో ఎవరు ఏ పాత వస్తువు కొన్నా ముందు దాని మీద అతని అరచెయ్యి పడాల్సిందే.

పద్మారాణి మాత్రం పీకో మిషన్ కొనడానికి వెళ్లినప్పుడు మొగుడిని, అతని అరచేతితో సహా, దుకాణం బయటే నిలబెట్టింది.